ఒంగోలు కొండ, రెండు పేర్ల కథ

ఉత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గంవారు కబురు చేసినప్పుడు, నావంటి బడిపంతులు క్రొత్తగా చెప్పగలిగినది ఏముంటుందని సందేహించాను. మా తాతగారు బడిపంతులు, మా నాన్నగారు బడిపంతులు, నేను ఈ దేశపు బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాణ్ణి. ఇప్పుడు నాకు మిగిలిన ఉద్యోగమల్లా సాయంకాలపు తెలుగు తరగతి ఒక్కటే. వారానికి రెండు రోజులు చర్చి బేస్‌మెంటులో పదిమంది పిల్లలచేత గుణింతాలు దిద్దిస్తూ, వాళ్లకు ‘ళ’ పలకడం నేర్పుతూ, వాళ్ల దగ్గర నేను ఓర్పు నేర్చుకొంటున్నాను. ఈ వ్యాసానికి విషయం ఆ తరగతిలోనే దొరికింది.

ఒకనాడు పిల్లలను తమ వంశవృక్షం వ్రాసుకొని రమ్మన్నాను. పధ్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె తాతయ్య పేరు ఉండవలసిన గడిలో రెండు పేర్లు వ్రాసి తెచ్చింది. ఒకటి బైబిలులోది, రెండోది రామాయణంలోది. “మాస్టారూ, తాతయ్యకు ఏది నిజం పేరు?” అని అడిగింది. “మీ నాన్నగారిని అడగలేదా అమ్మా?” అన్నాను. “అడిగాను. నాన్న టీవీ సౌండు పెంచారు” అంది. పిల్లలందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అటువంటి గడి మా ఇంట్లోనూ ఒకటి ఉంది.

ఈ సంచిక చదివే కుటుంబాలలో క్రైస్తవులు కొద్దిమందే. తక్కినవారు ఇది మా కథ కాదనుకోకుండా చదవాలని మనవి. ఇది తెలుగుదేశపు కథ. అందులో సగం అమెరికా కథ కూడాను. వ్రాయడానికి మరొక కారణం ఉంది. ఎన్నికలు జరిగిన ప్రతిసారీ మా ఆదివారపు తెలుగు ఆరాధనలో కుర్చీలు రెండు జట్లుగా చీలిపోతున్నాయి. ఒక ఏడాదైతే ఎన్నికల మరుసటి ఆదివారం పాట ఎత్తుకొనేవారే లేకపోయారు. ఓడినవారికి గొంతు పెగలలేదు, గెలిచినవారికి సిగ్గు అడ్డం వచ్చింది. ఆ పూట నాకు మా తాతగారు జ్ఞాపకం వచ్చారు. ప్రభుత్వాల వలన ఆయనకు కలిగిన ఆశాభంగం మనదానికంటే చిన్నదేమీ కాదు. అయినా ఆయన పల్లెలో సాయంకాలం పాట ఆగలేదు. ఎందువల్ల ఆగలేదో చెప్పాలంటే మొదటినుండి రావాలి.

బోస్టను కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషను 1835లో శామ్యూల్ డే దొరను తెలుగువారి మధ్యకు పంపింది. 1840 నాటికి ఆయన నెల్లూరు చేరాడు. ఎన్నేళ్లు గడిచినా చేరినవారిని వ్రేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఖర్చు దండగ, పని ఎత్తివేద్దామని ఇక్కడి పెద్దలు ఒకసారి కాదు, పలుమార్లు ఆలోచించారు. 1853లో న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సభలో ఆ చర్చ మళ్లీ వచ్చింది. గోడమీది పటంలో మిషను స్థలాలకు నక్షత్రపు గుర్తులు ఉండేవట. తెలుగుదేశంలో ఉన్నది నెల్లూరు ఒక్కటే. దానికి ‘ఒంటి నక్షత్రం’ అని పేరు పడింది. ఆ నక్షత్రం మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాదిరిగారు రాత్రికి రాత్రి పద్యం వ్రాసి మరునాడు చదివించారు. మన పిల్లలు బడిలో పాడే ‘అమెరికా’ గీతం వ్రాసినది కూడా ఈ స్మిత్ గారే. నెల్లూరు మీద పద్యం వ్రాశాడని ఇక్కడి బడులలో ఎవరూ చెప్పరు, నేను లెక్కల పీరియడులో చెప్పేవాణ్ణి.

సభలో మిషను నిలిచింది. నిలిచిన కొద్ది నెలలకు, 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున, లైమన్ జ్యూవెట్ దొర, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు ప్రక్కన ఉన్న గుట్ట ఎక్కి ప్రార్థన చేశారు. అప్పటికి ఒంగోలులో సంఘం లేదు, బడి లేదు, ఆసుపత్రి లేదు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని మాత్రమే అడిగి దిగి వచ్చారు. ఆ గుట్టనే ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈ లోపల 1862లో సెలవు మీద వచ్చిన జ్యూవెట్ దొరకు, తెలుగు పని విడిచి వేరొకచోటికి వెళ్లమని బోస్టనులో సలహా దొరికింది. ఎవరూ పంపకపోయినా వెళతాను, అక్కడే చస్తానని ఆయన పట్టుపట్టాడట. అయితే పాతిపెట్టడానికైనా ఒకరు తోడుండాలి గదా అని కార్యదర్శి సగం హాస్యంగా, సగం ఓడిపోయి ఒప్పుకొన్నాడని పెద్దలు చెప్పుకొనేవారు.

అలా తోడు వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టి, ఇల్లినాయ్, అయోవాలలో పెరిగి, మిన్నెసోటాలో ప్రభుత్వం తరఫున భూమి కొలిచిన సర్వేయరు. గొలుసు పట్టుకొని నేల కొలిచినవాడు గనుక లెక్క తప్పనిచ్చేవాడు కాదు. 1866లో ఒంగోలు చేరాడు. మొదట ఆయన చుట్టూ చేరినవారు అగ్రవర్ణాల గృహస్థులు. బడి పెట్టమన్నారు, పిల్లలను పంపుతామన్నారు. ఇంతలో నలభై మైళ్ల అవతలనుండి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసుకొనేవాడు. అంతకుముందు గురువుల వద్ద యోగసాధన చేసి, ఇంకా ఏదో వెలితిగా ఉందని వెదుకుతున్నవాడు. అతడూ, అతని భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ప్రారంభమయింది.

పేరయ్య వెనుక అతని బంధువులు వచ్చారు. అప్పుడు చిక్కు వచ్చింది. ఆ జనాన్ని చేర్చుకొంటే మా పిల్లలను మానిపిస్తామని గృహస్థులు కబురు చేశారు. ఆ రాత్రి క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ మరొక గదిలో, ఒకరికి ఒకరు చెప్పుకోకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని ఆయన తరువాత వ్రాసుకొన్నారు. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, 26వ వచనం మొదలు. లోకం నీచమని త్రోసివేసినవారినే దేవుడు ఏరుకొంటాడన్న భాగం. మరునాడు బడి ఖాళీ అయింది, సంఘం నిండింది. ఈ వచనాల సంఖ్య గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

చేరినవారికి ఒరిగిన లాభమేమిటి? చచ్చిన గొడ్డు మాంసం మానారు, జాతరలో డప్పు కొట్టబోమన్నారు, ఆదివారం వెట్టికి రామన్నారు. దానికి ఊరివారు బావి కట్టడి చేశారు, తిట్టారు, కొట్టారు. మా వాళ్లు బియ్యం కోసం మతం మారారని అనేవారికి నేను ఎప్పుడూ 1877వ సంవత్సరం లెక్క చూపిస్తాను. ధాత కరువు రోజులవి. జనం ఆకులు అలములు తిని పిట్టలవలె రాలిపోతున్నారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలీ ఇప్పించాడు. ఆ కూలీలలో ఎందరో బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, పదిహేను నెలలు ఎవ్వరికీ ఇవ్వలేదు. అన్నానికీ విశ్వాసానికీ ముడి పడకూడదని ఆయన పట్టుదల. కరువు తగ్గి, పనులు ముగిసి, ఇక ఇచ్చేందుకు చేతిలో ఏమీ లేదని చెప్పి పంపినా జనం తరలివచ్చారు. అప్పుడు 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, రెండో తేదీన 614 మందికి, మూడో తేదీన 2,222 మందికి, నాలుగో తేదీన 700 మందికి బాప్తిస్మం జరిగింది. మూడు రోజులకు 3,536. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకొని నీళ్లలో నిలబడ్డారు. కొద్ది సంవత్సరాలలోనే ఒంగోలు ప్రపంచంలోకెల్ల పెద్ద బాప్తిస్టు సంఘమని పేరుకెక్కింది. మూడో తేదీ మునిగినవారిలో మా ముత్తాత ఉన్నాడని మా ఇంట చెప్పుకొంటారు. అప్పటికి పదమూడేళ్ల కుర్రవాడు. ఆయనకు జ్ఞాపకం ఉన్నదల్లా నీళ్లు చల్లగా ఉన్నాయనీ, ఆ రోజు అన్నం దొరకలేదనీ.

ఈ సంగతులన్నీ అమెరికాలోనూ అచ్చయ్యాయి. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రాషెన్‌బుష్ మాదిగల కథలు సేకరించి ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే గ్రంథం 1899లో ప్రచురించారు. చెప్పులు కుట్టుకొంటూ చెప్పుకొన్న కథలన్నమాట. ఆమె సోదరుడు వాల్టర్ రాషెన్‌బుష్, పేదవాడి కూలీని విడిచి భక్తి లేదని ఈ దేశపు చర్చిలకు బోధించిన పండితుడు. క్లౌ దొర 1910లో రోచెస్టరులో కన్నుమూశారు. అమెరికా పడమటి మైదానాలలో పెరిగినవాడి పేరు మీద ఒంగోలులో ఆసుపత్రి వెలసింది.

ఒక ప్రక్కమాట. మా బడిలో చరిత్ర చెప్పే నల్లజాతి మిత్రుడు ఒకాయన ఉండేవాడు. భోజనం వేళ నేను ఈ 1877, 1878 సంగతులు చెబితే, ఆయన చేతిలోని సాండ్‌విచ్ క్రింద పెట్టి, “మాకూ 1877 అంటే అటువంటి ఏడే” అన్నాడు. అంతర్యుద్ధం తరువాత దక్షిణ రాష్ట్రాలలో బానిసత్వంనుండి విడుదలైనవారికి కాపలాగా ఉన్న ప్రభుత్వ సైన్యాలను పక్కకు తప్పించిన ఏడు అది. వచ్చిన ఓటు చేజారిపోయింది. హోటళ్లలో, రైళ్లలో సమానత్వం ఇచ్చిన 1875 నాటి చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తమ ముత్తవ్వ వెళ్లే చర్చిలో బుధవారపు ప్రార్థన మాత్రం ఒక్క వారం తప్పలేదట. “ప్రభుత్వం వచ్చింది, వెళ్లింది. మాకు మిగిలింది ఆ బుధవారమే. ఆ బుధవారంలోనుంచే మళ్లీ అన్నీ లేచాయి” అన్నాడాయన. నేను ఆ మాటలు విని చాలాసేపు ఊరుకొన్నాను.

ఇక మా ఆశాభంగం సంగతి. 1936లో తెల్లదొరల ప్రభుత్వం అంటరానివారిగా బాధపడుతున్న కులాల పట్టిక తయారుచేస్తూ, క్రైస్తవులను అందులో చేర్చరాదని వ్రాసింది. పరాయి ప్రభుత్వం, క్రైస్తవ రాజు! మతం పేరున మేలు చేశారని నింద మోసినవారికి, మతం పేరుననే ఇది మొదటి దెబ్బ. స్వరాజ్యం వస్తే సరిదిద్దుకొంటారని మావాళ్లు ఆశపడ్డారు. రాజ్యాంగ సభలో ఉపాధ్యక్షులు హెచ్. సి. ముఖర్జీ గారు బెంగాలీ క్రైస్తవులు. ఆయన, జెరోమ్ డిసౌజా గారు మొదలైనవారు, మతాన్ని బట్టి ప్రత్యేక స్థానాలు మాకు అక్కరలేదు, దేశస్థులందరితో కలిసి నడుస్తామన్నారు. 1949 మేలో సభ ఆ పద్ధతిని అంగీకరించింది. మంచి మాట, పెద్దమనసుతో అన్న మాట. మరుసటి సంవత్సరం 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందూమతం కానివారెవరూ షెడ్యూల్డు కులాలవారు కారు. మతం అడగవద్దని అన్నవారిని మతం అడిగి బయట నిలబెట్టారు.

చట్టం దృష్టిలో ఆ రోజునుండి మా పల్లెలో కులం లేదు. ఊరి బావి దగ్గర మాత్రం ఉంది. హోటలులో విడిగా పెట్టిన గ్లాసు, నువ్వు ఏ గుడికి వెళతావని అడగదు గదా.

ఆ వార్త పత్రికలో చదివినది మా తాతగారు. ఆయనది మిషను ఎలిమెంటరీ బడి. గంట లేక రైలుపట్టా ముక్క ఒకటి వేపకొమ్మకు వ్రేలాడదీసి కొట్టేవారు. పగలు ఆ శబ్దానికి పిల్లలు, దీపాలవేళ అదే శబ్దానికి పెద్దలు వచ్చేవారు. ఆ సాయంకాలం జనం ఎక్కువగా వచ్చారు, ప్రార్థన కోసం కాదు, ఉత్తర్వు సంగతి అడగడానికి. తాతగారు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా లాంతరు వత్తి సరిచేసి, కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం తీసి చదివారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ లోని పాట ఒకటి పాడించారు. ప్రార్థించారు. అప్పుడు కాగితం, కలం తీసి, “ఇక చెప్పండి, ఎవరికి వ్రాద్దాం అర్జీ?” అన్నారట. ఇది మా నాన్నగారు కళ్లారా చూసి నాకు చెప్పిన సంగతి.

ప్రార్థన ముందు, అర్జీ తరువాత. ఇది తాతగారు ఎన్నడూ మార్చని వరుస. అర్జీ వద్దని ఆయన అనలేదు. దేవుడున్నాడు గదా, మనకెందుకీ ప్రభుత్వంతో గొడవ అనే భక్తులను చూస్తే ఆయనకు కోపం వచ్చేది. ఇరవై ఏళ్లు వ్రాశారు, కలెక్టరుకు, మంత్రులకు, పార్లమెంటు సభ్యులకు. ముత్యాలవంటి అక్షరాలు. ప్రతులన్నీ ట్రంకుపెట్టెలో దాచారు. జవాబు వచ్చినవి బహు తక్కువ. జవాబు రాలేదని తెలిసిన నాడు కూడా దీపాలవేళ పట్టాముక్క మ్రోగేది. అర్జీని ముందు పెట్టి ప్రార్థనను దాని వెనుక కట్టి ఉంటే, అర్జీ బోల్తాపడిన నాడు ప్రార్థన కూడా బోల్తాపడేదని ఇప్పుడు నాకు తోస్తుంది. ఆయన అట్లా విడమరచి ఎన్నడూ చెప్పలేదు.

ఆయనకు అసలు పరీక్ష అర్జీలలో రాలేదు, బడి రిజిస్టరులో వచ్చింది. పిల్లవాణ్ణి చేర్చేటప్పుడు మతం, కులం అని ఒక గడి ఉంటుంది. అందులో వ్రాసే కలం పంతులుగారి చేతిలోది. ఉత్తర్వు వచ్చిన తరువాత తల్లిదండ్రులు రాత్రివేళ చాటుగా వచ్చేవారు. “అయ్యా, మా వాడికి హిందూ అని వ్రాయండి. రేపు ఉద్యోగానికి పనికొస్తుంది” అనేవారు. తలవంచుకొని అనేవారు. అందరూ ఆదివారం ముందు వరుసలో కూర్చొనేవారే. తాతగారు వ్రాయననలేదు, వ్రాస్తాననీ అనలేదు. “బిడ్డ నీవాడు. ఆలోచించుకొని పగలు రా” అనేవారు. పగలు వచ్చినవారి మాట ప్రకారం వ్రాసేవారు. వ్రాసి, “సాయంత్రం ప్రార్థనకు మాత్రం రావడం మానవద్దు” అని చెప్పి పంపేవారు. సిగ్గుతో మానేసినవారు కొందరున్నారు. వాళ్ల ఇళ్లకు తానే వెళ్లేవారు. సంఘ పెద్దలలో కొందరికి ఇది నచ్చలేదు. అటువంటివారిని బల్లనుండి తొలగించాలన్నారు. “బావి దగ్గర ఒకసారి తొలగించారు, ఆఫీసులో ఒకసారి తొలగించారు, మూడోసారి మనం తొలగిద్దామా?” అని తాతగారు అడిగారట. ఆయన చేసినది సరియైనదేనా అని నేను చాలాసార్లు తర్కించుకొన్నాను. అబద్ధానికి కలం ఇచ్చాడనేవారికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కాని ఆ గడిని అక్కడ పెట్టినది ఆయన కాదు.

మా నాన్నగారు అప్పటికే క్రైస్తవుడని నమోదైనవారు, అలాగే ఉండి మిషను బడిలో పంతులయ్యారు. మా చిన్నాన్న పై బడికి వెళ్లవలసిన వయసు 1953లో వచ్చింది. పన్నెండేళ్లవాడు. దరఖాస్తు నింపే పూట తాతగారు చేయి వణికి, కలం బల్లమీద పెట్టి, “నీవే వ్రాసుకో నాయనా” అన్నారు. చిన్నాన్న కొంతసేపు ఊరుకొని రామాయణంలోని పేరు ఒకటి వ్రాశాడు. నాయనమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. తాతగారు మాత్రం సాయంకాలం వేళకు పట్టాముక్క కొట్టారు.

చిన్నాన్న పెద్ద ఆఫీసులో గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టుగా ఎదిగాడు. మేనల్లుళ్లను, మేనకోడళ్లను చదివించినది ఆయన జీతమే. నా విమానం టిక్కెట్టులో కొంత ఆయనదే. ప్రతి ఆదివారం చర్చికి పాట మొదలైన తరువాత వచ్చి వెనుక గోడకు ఆనుకొని నిలబడేవాడు, దీవెనకు ముందే వెళ్లిపోయేవాడు. ఎవరైనా చూసి ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వేస్తారని భయం. అటువంటి ఉత్తరాలు వేసినవారిలో మనవాళ్లూ ఉన్నారు, అది దాచి ప్రయోజనం లేదు. చిన్నాన్న పోయినప్పుడు నేను వెళ్లాను. క్రైస్తవ శ్మశానంలోనే సమాధి చేశాం. రాతిమీద ఏ పేరు చెక్కించాలన్న దగ్గర ఇంటిల్లిపాదికీ నోరు రాలేదు. బాప్తిస్మపు పేరు చెక్కిస్తే పింఛనుకు అడ్డు వస్తుందేమోనని పిన్నికి బెంగ. రెండో పేరు చెక్కించడానికి మా నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ రాతిమీద ఇంటిపేరు, రెండు తేదీలు ఉన్నాయి. అంతే.

తరువాతి చరిత్ర త్వరగా చెబుతాను, ఎందుకంటే అది ఒకే వాయిదా పదేపదే వచ్చినట్లుంటుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ మూడో పేరాలో చేర్చారు. మన రాష్ట్రంలో 1970నుండి క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గంగా పెట్టి నూటికి ఒక వంతు ఇచ్చారు. 1985లో సూసై అనే మదరాసు వ్యక్తి కేసు సుప్రీంకోర్టులో తేలింది. రోడ్డుప్రక్క చెప్పులు కుట్టుకొనేవాడు. ఇతరులకు ఇచ్చిన బంకు క్రైస్తవుడైనందుకు తనకు ఇవ్వలేదని వెళ్లాడు. మతం మారిన తరువాత కూడా అదే తీవ్రతతో బాధ ఉందనడానికి తగిన ఆధారాలు చూపలేదని కోర్టు త్రోసిపుచ్చింది. పేరయ్య తోళ్లు మోసుకొని వచ్చిన నూట ఇరవై ఏళ్లకు, చెప్పులు కుట్టే చేతులకు తమ బాధ ఋజువు చేసుకోవలసిన పని పడింది. 1996లో తెలుగువారైన పి. వి. నరసింహారావుగారి ప్రభుత్వం బిల్లు తయారుచేసింది. అది సభలోకి రాకుండానే సభ ముగిసింది. 2007లో రంగనాథ్ మిశ్రా సంఘం ఆ పేరా తీసివేయమంది, కేంద్రం అంగీకరించలేదు. 2022లో మరొక సంఘాన్ని నియమించారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి పంపింది. ఇవతలివైపు వాదన కూడా చెప్పాలి. క్రైస్తవంలో కులం లేదంటారు గదా, మరి కులం పేరున ఎట్లా అడుగుతారని కొందరు. ఉన్న పిడికెడు మెతుకులలో ఇంకొకరు చేయి పెడితే మా బిడ్డల గతేమిటని ఆ కులాలలోని హిందువులు. రెండో మాట ఆకలిమాట, దానిని నేను తేలికగా తీసివేయలేను. మొదటి మాటకు మా తలలే వంగుతాయి. మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి కట్టుకొన్న ఊళ్లు నేను ఎరుగుదును. మిషను ఆస్తుల కోసం కోర్టులకెక్కి ప్రార్థన మరచినవారినీ ఎరుగుదును. ప్రభుత్వం ఆ కొండను మాకు దూరం చేయలేకపోయింది. మా తగాదాలు కొంతవరకు చేశాయి.

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ గారిని ఇక్కడ తలచుకోవాలి. ఆయనా బడిపంతులే. గుడిలోకి తనకు ప్రవేశం లేదు గనుక గబ్బిలంచేత శివునికి కబురు పంపినవాడు. క్రైస్తవుడివై ఉండి పురాణాల మీద పద్యాలేమిటని క్రైస్తవులు కాదన్నారు, అంటరానివాడని తక్కినవారు కాదన్నారు. అటూ ఇటూ అనిపించుకొన్న ఆ మనిషే ముదిమిలో ‘క్రీస్తు చరిత్ర’ వ్రాశారు. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది.

మార్టిన్ లూథర్ కింగ్ గారు 1959లో మన దేశం వచ్చినప్పుడు, కేరళలో హరిజన బాలుర బడికి వెళితే, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన సాటి అంటరానివాడని పిల్లలకు పరిచయం చేశారట. మొదట నొచ్చుకొని, తరువాత ఆ మాట నిజమే గదా అనుకొన్నానని ఆయన 1965 జూలై 4న అట్లాంటాలోని తన చర్చిలో చెప్పారు. గుండ్లకమ్మలో ఏడువందలమంది మునిగినదీ జూలై 4వ తేదీనే. కాకతాళీయమే కాని నాకు చెప్పుకోబుద్ధి అవుతుంది. కింగ్ గారు తన మీద ప్రభావం చూపినవారిలో ఎమ్మా దొరసాని తమ్ముడు రాషెన్‌బుష్ పేరు చెప్పారు. ఆ 1965 అక్టోబరులోనే, ఆయనవంటివారి పోరాటపు వేడిలోనే, వచ్చిన వలసచట్టం తలుపు తెరిస్తే మనం ఈ దేశంలో అడుగుపెట్టాం. మా భోజనాల బల్ల దగ్గరి మిత్రుడు చెప్పిన బుధవారానికి మనమందరమూ బాకీ పడ్డవాళ్లమే.

ఈ కథ అంతా తరగతిలో రెండు సాయంకాలాలు చెప్పాను, పిల్లలకు తెలిసే మాటల్లో. ఆ అమ్మాయి విని, “అయితే తాతయ్య దేవుణ్ణి వదల్లేదా?” అని అడిగింది. “మీ తాతయ్య సంగతి నాకు తెలియదమ్మా. మా చిన్నాన్న మాత్రం వెనుక గోడ దగ్గర నిలబడి అన్ని పాటలూ చూడకుండా పాడేవాడు” అని చెప్పాను.

మరుసటి వారం తరగతి అయ్యే వేళకు వాళ్ల నాన్నగారు వచ్చారు. ఎప్పుడూ కారులోనే ఉండి హారను కొట్టే మనిషి, ఆ పూట మెట్లు దిగి లోపలికి వచ్చి, పిల్లల కుర్చీలో ఒదిగి కూర్చొన్నారు. బల్లమీద కూతురి వంశవృక్షం ఉంది. తాతయ్య గడిలో రెండు పేర్లూ అలాగే ఉన్నాయి. ఆయన కొంతసేపు దానివైపు చూశారు. నా జేబులోని కలం అడిగి తీసుకొన్నారు. కాగితం తనవైపు త్రిప్పుకొని, క్రింది గడిలో, తన పేరు ప్రక్కన, ఇంకొక పేరు వ్రాశారు.